తెర మీద రెండో నీడ

ముందుగా క్షమించమని అడగాలి. పోయిన వారం ఈ కథ రాలేదు. తప్పు పత్రికవాళ్లది కాదు, నా చేతిది. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. సరుకు పడవ మీద పుట్టి పెరిగినదాన్ని, ఏ ఊళ్లోనూ మా పడవ బడి తెరిచేదాకా ఆగేది కాదు. ఇప్పటికీ ఒక్కో మాటనీ నోటితో అనుకుని, చెవితో విని, ఆ తర్వాతే కాగితం మీద పెడతాను. రాతలో తప్పులు కనబడితే సరిచేసుకుని చదువుకోండి.

కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను.

మా ఔడర్‌హుక్‌కి సముద్రపు కరకట్ట మీద ఉన్నది ఒకే వీధి. దీపాలు పెట్టాక కూడా అక్కడ ఎవరూ కిటికీ తెర వెయ్యరు. లోపల ఎవరు కూర్చున్నారో, ఏం తాగుతున్నారో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో వీధిలో నడిచేవాళ్లందరికీ తెలుస్తుంది. తెర పడేది ఒక్కందుకే. ఇంట్లో శవం ఉన్నప్పుడు. భూస్థాపన కాగానే మళ్లీ తీసేస్తారు.

మా ఎదురింట్లో తన్నెకె ఉండేది. చిన్న వయసులోనే విధవ అయింది. ఆ ఇల్లు ఆమెది కాదు, చర్చివాళ్లు విధవలకి ఇచ్చే ఇల్లు. ఆమె మొగుడు యోస్ట్ అంతకుముందు ఒక చలికాలంలో చేపల పడవతో పాటు మునిగిపోయాడు. శవం దొరకలేదు. అందుకని అప్పుడు ఆ ఇంటికి తెర పడనే లేదు. అలాంటిది నవంబరులో ఒక సాయంత్రం, ఎవరూ పోకుండానే, తన్నెకె తెర వేసేసింది. మర్నాడు మామూలుగా రొట్టె కొనుక్కోవడానికి వచ్చింది. ఎవరు పోయారని అడిగితే ఎవరూ పోలేదంది. మరి తెర ఎందుకంటే, వేసుకోవాలనిపించింది అంది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ తెర మీద రెండు నీడలు కనబడసాగాయి. ఒకటి తన్నెకెది. రెండోదానికి మెడ లేదు, భుజాలున్నాయి, తల మీద వెడల్పాటి టోపీ ఉంది. అది కదిలేది కాదు. గాలివానలో మగవాళ్లు పడవ మీద పెట్టుకునే నూనెగుడ్డ టోపీ అదేనని వీధంతా గుర్తుపట్టింది. సముద్రం ఇవ్వని మనిషి తనంతట తానే ఇంటికొచ్చి కూర్చున్నాడని చెప్పుకున్నారు. శనివారంలోగా తెర తియ్యాలని, లేకపోతే ఇల్లు ఖాళీ చెయ్యాలని సంఘ పెద్దలు కబురు పెట్టారు. అక్కడ ఆపాను.

ఇక శనివారం.

ఆ మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి మంచు కరకట్ట ఎక్కింది. మా ఊళ్లో మంచు పైనుంచి దిగదు, కిందనుంచి ఎక్కుతుంది. ముందు రేవు పోయింది, తర్వాత చర్చి శిఖరం పోయింది, చివరికి నాకు ఎదురింటి గుమ్మం తప్ప ఏమీ మిగల్లేదు. పొద్దు ఉండగానే అందరూ దీపాలు పెట్టారు. వీధి పొడుగునా కిటికీలు ఒక్కొక్కటే మంచులో తేలుతున్నాయి. ఒక్కటి మాత్రం గోధుమరంగులో, రెప్పలు దించుకున్నట్టు ఉంది. దాని మీద రెండు నీడలూ ఉన్నాయి.

నా కిటికీ చట్రానికి బయటివైపు మా అత్తగారు బిగించిన వీధి అద్దం ఉండేది. అలాంటిది మా వైపు చాలా ఇళ్లకి ఉంటుంది. కుర్చీలోంచి లేవకుండానే, మన మొహం బయటికి కనబడకుండానే, ఎవరొస్తున్నారో చూసుకోవచ్చు. ఆ అద్దంలోకి ముందుగా ఒక ఎత్తయిన నల్ల టోపీ వచ్చింది. చావుకబురు క్రైన్ అది. ఊళ్లో ఎవరైనా పోతే నల్లకోటు తొడుక్కుని ఇంటింటికీ వెళ్లి చెప్పడం వాడి పని. మిగతా రోజుల్లో చెక్కబూట్లు చెక్కుకుంటూ అందరినీ నవ్విస్తుండేవాడు. వాడి పక్కన సంఘ పెద్ద మారినస్, వాళ్ల వెనక రొట్టెల కొట్టు బెట్యె, ఇంకా వీధిలోవాళ్లు కొందరూ ఉన్నారు.

నేను శాలువా కప్పుకుని గుమ్మంలోకి వచ్చాను.

"క్రైన్, నువ్వెందుకొచ్చావురా కోటేసుకుని?" అని అడుగుతోంది బెట్యె. "ఎవరు పోయారు?"

"పిలిచారు, వచ్చాను వదినా. ఎవరు పోయారని నేనూ అడిగాను. ఇంకా తేలలేదన్నారు."

ఎవరో నవ్వబోయి ఆపేసుకున్నారు. మారినస్ తలుపు తట్టాడు.

మారినస్ చెడ్డవాడని మీరనుకోకూడదు. యోస్ట్ పోయిన చలికాలం తన్నెకె ఇంటికి బొగ్గుల బస్తా భుజాన మోసుకొచ్చి పడేసింది అతనే. ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో కిటికీలోంచి చూసి తెలుసుకుని, అడగకుండానే సాయం చేసేవాడు. అతనికి కిటికీ అంటే అదే.

తలుపు పై సగం తెరుచుకుంది. కింది సగం మూసే ఉంచింది తన్నెకె. తల మీద గంజి పెట్టిన తెల్ల టోపీ, రెండు చెంపల దగ్గరా పిన్నులు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఆమె వెనక మాత్రం ఏమీ కనబడలేదు.

"తన్నెకె, అమ్మాయ్," అన్నాడు మారినస్, "నీ మీద ఎవరికీ కోపం లేదు. ఒక్కసారి ఆ తెర లాగెయ్. ఊరు ఒకసారి చూసుకుంటుంది, ఎవరింటికి వాళ్లు పోతారు."

"చూసుకుని ఏం చేస్తారు?"

"నిశ్చింతగా నిద్రపోతారు."

"నా కిటికీలోకి చూస్తేగానీ మీకు నిద్ర పట్టదా పెద్దాయనా? మా ఇంట్లో అంత నిద్రమందు ఏముంది?"

"అదే అడుగుతున్నామే," బెట్యె అందుకుంది. "దాచుకోవడానికి ఏమీ లేకపోతే తెర ఎందుకు?"

"బెట్యె వదినా, నీ బీరువా కింది అరలో ఏముందో వీధిలో పరిచి చూపిస్తావా?"

"అది బీరువా!"

"ఇది ఇల్లు."

బెట్యె మొహం ఎర్రబడింది. ఆ కింది అరలో ఏముంటుందో నాకు తెలియదు గానీ, ఆ క్షణంలో వీధిలో ఉన్న అందరికీ తెలుసుకోవాలనిపించింది. అది వాళ్ల మొహాల్లో కనబడింది.

మారినస్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా. మన తాతలు ఎనభై ఏళ్లు యుద్ధం చేశారు. ఎందుకు? ఒక మనిషి మనస్సాక్షిలోకి ఇంకొకడు తొంగిచూడకూడదని. చర్చి గోడకి రాతి పలక ఉంది, ఏటా దాని ముందు నిలబడి చెప్పుకుంటున్నాం. ఈ దేశంలో నువ్వేం నమ్ముతావని ఎవడూ అడగడు. ఇప్పుడు మేం నీ మనస్సాక్షి అడిగామా? కిటికీ అడిగాం."

తన్నెకె ఆ మాట గురించి ఆలోచించింది. ఆమె కొట్లాటకి నిలబడ్డట్టు లేదు, అతను అడిగినది నిజంగా తెలుసుకోవాలనుకున్నట్టుంది.

"ఆ మనస్సాక్షి ఎక్కడ కూర్చుంటుంది పెద్దాయనా?" అంది. "మీరు పుట్టినప్పటినుంచీ మీ ఇంట్లో తెర లేదు. మీది ఎక్కడ కూర్చోబెట్టారు? దానికీ ఒక కుర్చీ కావాలి కదా. ఎవరూ చూడని కుర్చీ."

మారినస్ చర్చి ఉండే వైపు తల తిప్పాడు. మంచులో ఎక్కడో ఒక పడవ తాడు కిర్రుమంది.

"నీడ సంగతి చెప్పు ముందు," వెనకనుంచి ఎవరో అన్నారు. "ఆ రెండో నీడ ఎవరిది?"

"చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"ఇవాళ నీడ ఎవరిదో చెబితే, రేపు రెండో కప్పు ఎవరికని అడుగుతారు. ఎల్లుండి దీపం ఇంతసేపు ఎందుకుందని అడుగుతారు. నేను తప్పు చేశానని మీకనిపిస్తే పోలీసుని పిలవండి, తలుపు తీస్తాను. ఊరికే చూడాలని ఉంటే మాత్రం తియ్యను."

మారినస్ ఆ మాటకి నొచ్చుకున్నాడు. "పోలీసా? మన మధ్యకి పోలీసు ఎందుకమ్మా?"

తన్నెకె అప్పుడు మనుషుల తలల మీదుగా నా వైపు చూసింది.

"యాకోమీనక్క రావచ్చు," అంది. "ఒక్కతే. నేను పిలుస్తున్నాను, మీరు పంపడం కాదు."

"మంచిది," అన్నాడు మారినస్, ఊపిరి వదిలి. "ఆమె చూసి మాకు చెబుతుంది."

"ఆమె చూస్తుంది. చెప్పడం ఆమె ఇష్టం."

నన్నే ఎందుకు పిలిచిందో అప్పుడు నాకు తెలియలేదు. నేను ఆ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని, పడవ మనిషిని. మా పడవ గదికి అరచేయంత కిటికీ ఉండేది. దానిలోంచి నీళ్లు తప్ప ఎవరూ లోపలికి చూసేవారు కాదు. బహుశా అందుకేనేమో.

తలుపు కింది సగం తెరిచింది. నేను లోపలికి వెళ్లగానే రెండు సగాలూ మూసేసింది. వీధి గొంతులు దుప్పటి కప్పినట్టు ఆగిపోయాయి.

నడవ దాటి ముందు గది గడప మీదే నిలబడిపోయాను.

గది వెనక గోడ దగ్గరి బల్ల మీద దీపం ఉంది. కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి ఉంది, తెర వైపు తిరిగి. అందులో అతను కూర్చుని ఉన్నాడు. వీపు నా వైపు ఉంది. వెడల్పు భుజాలు, మెడ లేదు, తల మీద వంగిన అంచుల టోపీ. ముందు చిన్న ముక్కాలిపీట, దాని మీద కప్పు. కప్పులోంచి ఆవిరి వస్తోంది.

"యోస్ట్," అన్నాను. అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది.

అతను తిరగలేదు.

"దగ్గరికి వెళ్లి చూడక్కా," అంది తన్నెకె నా వెనకనుంచి.

వెళ్లాను. ఎలా వెళ్లానో తెలియదు. చెయ్యి చాపి భుజం ముట్టుకున్నాను. భుజం లోపలికి పోయింది. ఉన్ని శాలువా అది, కుర్చీ వీపు మీద వేసింది. దాని పైన కుర్చీ కొయ్య మీద నిలబెట్టి ఉన్నది తన్నెకె ఆదివారం టోపీ. చర్చికి పెట్టుకునేది, గవ్వల్లా రెండు రెక్కలున్నది, గంజితో బిర్రబిగిసి మనిషి లేకుండానే నిలబడేది. మా అందరికీ ఒకటి ఉంటుంది. ఇన్నాళ్లూ ఊరంతా చూసి వణికిన మగమనిషి అదే.

నవ్వొచ్చింది. నవ్వబోయి తన్నెకె వైపు తిరిగాను. నవ్వు ఆగిపోయింది.

ఆమె పిన్నులు తీసి, తల మీద ఉన్న టోపీని కూడా తీసేస్తోంది. మా వైపు ఆడవాళ్లం టోపీ లేకుండా కన్నతల్లికి కూడా కనబడం. తన్నెకె జుట్టంతా తెల్లగా ఉంది. ముప్పై దాటని మనిషి. మొదళ్ల నుంచి కొసల దాకా ఉప్పులా తెల్లగా ఉంది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"యోస్ట్ పడవ రాలేదన్న వారంలోనే. అప్పుడు మీరందరూ వచ్చారు. జావ తెచ్చారు, బొగ్గులు తెచ్చారు. కిటికీలోంచి చూసి, తన్నెకె ధైర్యంగా ఉంది, కూర్చుని అల్లుకుంటోంది అనుకుని వెళ్లారు. నేనూ అలాగే అనుకున్నాను. ధైర్యంగా ఉన్నాననుకున్నాను."

ఆమె పొయ్యి దగ్గరి రెండో కుర్చీలో కూర్చుంది, తెరకి వీపు పెట్టి.

"ఒక సాయంత్రం కాఫీ కప్పు ఎత్తుతున్నాను," అంది. "ఎవరూ చూడటం లేదు, వీధి ఖాళీగా ఉంది. అయినా నా చెయ్యి చూసేవాళ్ల కోసం ఎత్తినట్టే ఎత్తుతోంది. ఇంకోలా ఎత్తుదామని చూశాను. రాలేదక్కా. నాకు ఇంకోలా ఎత్తడం తెలియదు. ఎవరూ చూడనప్పుడు నేనెలా ఉంటానో చూద్దామని వెతికితే అక్కడ ఎవరూ లేరు. భయమేసి తెర లాగేశాను."

"ఆ తర్వాత?"

"మొదటి రోజుల్లో ఆ కుర్చీలోనే కూర్చున్నాను. గది ఖాళీగానే ఉంది. నేనున్నాను, అయినా ఖాళీగా ఉంది. అప్పుడు ఆ టోపీని అక్కడ కూర్చోబెట్టాను. ఇన్నేళ్లూ వీధి చూసింది దాన్నే కదా, దాని చోట దాన్ని ఉండనిచ్చాను. దానికి కాఫీ కూడా పోస్తాను, పాపం, అలవాటు." కొంచెం నవ్వింది. "నేను ఇటు తిరిగి కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా, ఒకతె రావడం మొదలుపెట్టింది."

"ఎవరు?"

"ఇంకా మొహం సరిగ్గా కనబడలేదు. నెమ్మదిగా వస్తుంది, బెదురుతుంది. వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెళ్లిపోతుంది. తెర ఒక్కసారి తీశానంటే మళ్లీ రాదు. అది మాత్రం నాకు తెలుసు."

ఆమె కళ్లలోకి చూశాను. పిచ్చి లేదు. నూతిలోకి తొంగిచూస్తున్న మనిషి కళ్లలో ఉండే జాగ్రత్త ఉంది.

"కూర్చో అక్కా. కాసేపు."

ఇంకో పీట లాక్కుని కూర్చున్నాను, పొయ్యి వైపు తిరిగి. బయట అంతమంది ఉన్నారు, తెర ఒక్కటే అడ్డం. ఊరికే నిప్పుల వైపు చూస్తున్నాను. అప్పుడు నా బుగ్గల్లో ఏదో నొప్పి తెలిసింది. రెండు పక్కలా, నోటి చివర్ల దగ్గర. అదేమిటో కాసేపటికి గానీ అర్థం కాలేదు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచీ నవ్వుమొహం పెట్టుకునే ఉన్నాను. కోడలిగా వీధిలో దిగిన రోజు పెట్టుకున్న చిన్న నవ్వు అది. నా మొగుడు లౌరెన్స్ పోయిన రోజు కూడా దాన్ని దించలేదు. ఇప్పుడు అది తనంతట తానే జారి కిందపడింది. దాని కింద ఏ మొహం ఉందో నాకు తెలియలేదు. చలేసింది.

తలుపు మీద దెబ్బ పడింది.

"వెళ్లక్కా," అంది తన్నెకె, టోపీ మళ్లీ పెట్టుకుంటూ. "వాళ్లకి ఏం చెప్పినా నేను నిన్ను ఏమీ అనను. నా ఇల్లు పోతుందని నీకు తెలుసు. నీకు తోచింది చెప్పు."

బయటికి వచ్చేసరికి జనం ఎక్కువయ్యారు. మంచులో అందరి మొహాలూ నా వైపే ఉన్నాయి.

"చూశావా?" అన్నాడు మారినస్.

"చూశాను."

"ఎవరున్నారు లోపల?"

ఒక్క మాట చాలు. టోపీ అంటే చాలు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. బెట్యె ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వేది. మారినస్ సంతోషించేవాడు, తన్నెకెకి ఇల్లు మిగిలేది. కానీ టోపీ అంటే, టోపీ కుర్చీ మీద ఎందుకుందంటారు. తల మీద ఎందుకు లేదంటారు. ఆ తర్వాత జుట్టు, ఆ తర్వాత ఆ వచ్చే మనిషి. ఒక్కొక్కటీ నా నోట్లోంచే బయటికి వస్తుంది. వాళ్లకి కావలసిన కిటికీ నేనే అవుతాను.

"అడగాల్సింది నన్ను కాదు," అన్నాను.

"యాకోమీన! యోస్ట్ ఉన్నాడా లేడా?"

నేను నోరు విప్పలేదు. లేడని కూడా అనలేదు. అంటే అది కూడా చెప్పడమే. క్రైన్ నెమ్మదిగా తన నల్ల టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అది చూసి ఇంకొందరు తీశారు.

మారినస్ మొహంలో కోపం కనిపిస్తుందేమో అనుకున్నాను. భయం కనిపించింది. అతను అన్నాడు: "తెర మూసిన ఇంట్లో చావు ఉండాలి. చావు లేని ఇంట్లో తెర ఉండకూడదు. మన ఊళ్లో మూడో పద్ధతి లేదు. రేపు ఆదివారం, ఎవరం ఏమీ చెయ్యం. క్రైన్, సోమవారం మధ్యాహ్నానికి కూడా తెర మూసే ఉంటే నీ పని నువ్వు చెయ్యి. పోయినవాళ్లకి ఇల్లు అక్కర్లేదు. ఇంకో విధవకి ఇద్దాం."

"ఎవరి పేరు చెప్పమంటారు?" అన్నాడు క్రైన్. వాడి గొంతులో వేళాకోళం లేదు.

మారినస్ తన్నెకె కిటికీ చూశాడు, నన్ను చూశాడు.

"తెర మూసినవాళ్ల పేరు," అన్నాడు.

ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలయ్యేముందు అలవాటుగా అందరూ పంచుకునే పిప్పరమెంట్ల డబ్బా మా వరస వెంబడి వచ్చింది. నా పక్కావిడ తీసుకుని, నా మోకాళ్ల మీదుగా చెయ్యి చాపి అవతలావిడకి ఇచ్చింది. తన్నెకె వెనక బల్లలో ఒక్కతే కూర్చుంది, తల మీద తెల్ల టోపీతో, ఎప్పటిలాగే. ఎవరూ ఆమెని చూడలేదు, అందరూ నన్నే చూశారు.

సాయంత్రం ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నాను. వీధిలో నడిచేవాళ్లు నా కిటికీ దగ్గరికి రాగానే నెమ్మదించారు. తర్వాత నిలబడటం మొదలుపెట్టారు. నేను నోరు మూసుకున్నాను గానీ మొహం మూసుకోలేదు కదా. తన్నెకె ఇంట్లో చూసింది నా మొహంలో ఎక్కడో ఉంటుందని వెతుకుతున్నారు. నేను ఎదురింటి వైపు కన్నెత్తితే చాలు, అందరి తలలూ అటు తిరుగుతున్నాయి. చేతులు వణికితే లోపల దయ్యం ఉన్నట్టు, నవ్వితే లేనట్టు. చివరికి బెట్యె వచ్చి కిటికీ గాజుకి నుదురు ఆనించింది. ఆమె ఊపిరి గాజు మీద తెల్లగా పరుచుకుంది.

"చెప్పవే," అంది గాజు అవతలనుంచి. "నాకొక్కదానికే చెప్పు."

నేను లేచాను. ముందు కిటికీ రెక్క కొంచెం తెరిచి, చెయ్యి బయటికి పెట్టి, మా అత్తగారి వీధి అద్దం మరలు విప్పి లోపలికి తీసుకున్నాను. నన్ను చూడొద్దంటూ నేను మాత్రం వాళ్లని చూడటం న్యాయం కాదనిపించింది. తర్వాత తెర లాగేశాను. లౌరెన్స్ శవం లేచిన రోజునుంచి ఆ కడ్డీ మీద తెర కదల్లేదు. కిర్రుమంటూ వచ్చింది. బెట్యె బయట చిన్నగా అరిచింది. ఆ తర్వాత ఎవరి అడుగుల చప్పుడు వాళ్లదిగా దూరమైంది.

సోమవారం మంచు ఇంకా దట్టమైంది. తెర వెనక కూర్చుంటే వీధి నాకు చెవులతోనే వచ్చింది. మధ్యాహ్నం దాటాక ఆ చప్పుడు మొదలైంది. ఇనుప కడియంతో తలుపు తట్టడం, తలుపు తెరుచుకోవడం, క్రైన్ కోటు వేసుకున్నప్పటి గొంతు, తలుపు మూసుకోవడం. ఇంకో ఇల్లు. మళ్లీ ఇంకో ఇల్లు.

తన్నెకె పేరు కోసం చెవులు రిక్కించాను. దూరానికి మాటలు అందలేదు, రాగం ఒక్కటే అందింది. ఐదు మాటలు ఎక్కుతాయి, రెండు దిగుతాయి. తర్వాత ఇంటివాళ్ల జవాబు. జవాబు లేకుండా క్రైన్ గుమ్మం దిగడు, అది వాడి పని పద్ధతి. దగ్గరికి వస్తున్నాడు. పక్కింటి తలుపు తెరుచుకుంది. అప్పుడు ఒక్కొక్క మాటా విడివిడిగా వినబడింది.

"లౌరెన్స్ విధవ యాకోమీన ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన గురువారం."

"ప్రభువు చిత్తం," అంది మా పక్కింటావిడ. పొద్దున్నే వెనక తలుపు వైపు నుంచి వచ్చి నా దగ్గర ఉల్లిపాయలు తీసుకెళ్లిన మనిషి.

నా పేరు ఒక్కటే. తన్నెకె పేరు లేదు. అర్థం కాలేదు. ఆలోచించే లోపే నా తలుపు మీద ఇనుప కడియం పడింది.

తీశాను. క్రైన్ నా తల పైనుంచి లోపలి గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. టోపీ గుండెకి ఆనించుకున్నాడు.

"లౌరెన్స్ విధవ యాకోమీన ప్రభువునందు నిద్రించారు," అన్నాడు. "భూస్థాపన గురువారం."

"క్రైన్, నేనురా."

వాడి కళ్లు దిగలేదు. పెదవులు మాత్రం కొంచెం కదిలాయి. "తెలుసు వదినా," అన్నాడు గొంతు తగ్గించి. "నేనేం చెయ్యను, తెర మూసుంది."

"మరి తన్నెకె పేరు చెప్పవేం?"

"ఆ ఇంట్లో చావు లేదు. పొద్దున్నే తెర తీసేసింది."

వాడి భుజం మీదుగా చూశాను. నిజమే. ఎదురింటి కిటికీ నిండా వెలుతురు. తెర రెండు పక్కలకీ లాగి నాడాతో కట్టేసి ఉంది. దీపం వెనకనుంచి కొడుతోంది, మొహం నీడలో ఉంది. కిటికీ దగ్గరి కుర్చీలో, వీధి వైపు తిరిగి, ఉన్ని శాలువా భుజాల నిండా కప్పుకుని, ఆదివారం టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది. ముందు కప్పు. ఒళ్లో అల్లిక.

వీధిలో జనం ఆగి ఆగి చూసి వెళుతున్నారు. మంచులో కూడా వాళ్ల మొహాలు తేటపడ్డాయని తెలుస్తోంది. బెట్యె చెయ్యి ఊపింది. మారినస్ కిటికీ ముందు నిలబడి టోపీ ఎత్తాడు.

"మంచిదమ్మా," అన్నాడు తృప్తిగా. "చూశావా, ఎంత తేలికో!"

కుర్చీలోది పలకలేదు. అతనికి జవాబు అక్కర్లేదు. కనబడింది, చాలు. ఒకసారి తల ఊపి వెళ్లిపోయాడు. ఆ టోపీ కింద మొహం లేదని ఆ వీధిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరూ అంత దగ్గరగా చూడలేదు. మా ఊరు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదేమో అని మొదటిసారి అనిపించింది.

క్రైన్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఈ ఇంటి జవాబు కావాలి వాడికి.

"ప్రభువు చిత్తం," అన్నాను.

వాడు టోపీ పెట్టుకుని మెట్లు దిగి మంచులోకి పోయాడు. తలుపు మూసి దానికి వీపు ఆనించాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. నా బుగ్గల్లో నొప్పి లేదు. గదిలో దీపం నిలకడగా వెలుగుతోంది. చనిపోయిన మనిషి ఇంట్లోకి ఎవరూ తొంగిచూడరు.

అప్పుడు వెనకవైపు, కరకట్ట కిందికి దిగే తలుపు మీద, ఎవరో గోళ్లతో గీకారు.

"అక్కా," అంది తన్నెకె గొంతు, చెక్కకి నోరు ఆనించి. "నీ తెర వేసే ఉందా?"

"వేసే ఉంది."

"అయితే తలుపు తియ్యి. దీపం కొంచెం తగ్గించు, తను కొత్త మనుషులకి బెదురుతుంది. నేను ఒక్కదాన్నే రాలేదు."

యాకోమీన, లౌరెన్స్ విధవ
వయసు డెబ్బై ఒకటి
ప్రస్తుతం రోటర్‌డాంలో, పాత రేవు దగ్గర, వీధి వైపు గదిలో ఉంటున్నాను